పిండం ముట్టని కాకి

అనగనగా ఒక రాజు. పేరు చిత్రధ్వజుడు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. వయసులో ఉన్నప్పుడు ఆయన ఏడు సముద్రాలూ ఒంటరిగా ఈది, చిలుకలో దాగిన మాంత్రికుడి ప్రాణం తీశాడట. దేశమంతా అదే కథ చెప్పుకునేవారు.

అంతటి రాజూ ఒకనాడు పోయాడు. పదోరోజు ఏటి ఒడ్డున ఆకు వేసి పిండం పెట్టారు. కాకి ముట్టుకుంటేనే కదా పోయినవాళ్ళకి దారి దొరికేది! కాకి వచ్చింది, చూసింది, చెట్టెక్కి కూర్చుంది. రాజుగారికి ఏదో కోరిక మిగిలిపోయిందన్నారు పెద్దలు. పెద్దకొడుకు గుడి కట్టిస్తానన్నాడు. కాకి దిగలేదు. రెండోవాడు వెయ్యిమందికి భోజనం పెడతానన్నాడు. కాకి దిగలేదు. ఎండ ముదిరింది. పురోహితుడికి ఆకలి కూడా ముదిరింది.

మూడోవాడు కువలయుడు నేరుగా కాకినే అడిగాడు.

"నాకూ కడుపు కాలుతోంది నాయనా. మీకు కనబడడు గానీ, ఆకు పక్కన ఒకడు కూర్చుని నన్ను తెడ్డుతో తోలుతున్నాడు. మీ నాన్నని పడవలో ఏడు సముద్రాలూ దాటించిందీ, ఆ చిలుకని పట్టిందీ వాడే. పేరంతా తనకే దక్కాలని మీ నాన్న వాణ్ణి సముద్రంలోకి తోసేశాడు" అంది కాకి.

అన్నలిద్దరూ మండిపడ్డారు. కాకి మాట పట్టుకుని కన్నతండ్రిని అనుమానిస్తావా, ఈ మాట బయటపెడితే రాజ్యంలో నీకు పిడికెడు మట్టి కూడా దక్కదు అన్నారు. అయినా కువలయుడు నోరు విప్పాడు.

"నాన్నకి ఈత రాదు. మోకాలిలోతు నీళ్ళంటేనే హడలిపోయేవాడు. అది నాకు తెలుసు, మీకూ తెలుసు. తెలిసే ముగ్గురం ఆ కథకి చప్పట్లు కొట్టాం."

ఆ మాటతో పడవవాడి దయ్యం పట్టపగలే అందరికీ కనబడింది. తన పేరు నూకయ్య అని చెప్పుకున్నాడు. తాను ఇల్లొదిలి పారిపోయానని ఊరు నమ్మిందట. కూతురు మరిడమ్మకి నిజం తెలిస్తే చాలన్నాడు.

రాజ్యం మీరే ఏలుకోండని అన్నలతో చెప్పి, కువలయుడు మెడలో డప్పు వేసుకుని వీధివీధినా నిజం చాటాడు. రేవులో వల బాగుచేసుకుంటున్న మరిడమ్మ ముందు ఆగి మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు.

"అయితే మా అయ్య నన్నొదిలి పోలేదన్నమాట" అని ఆమె ఏడ్చింది, ఏడుస్తూనే పిండం పెట్టిన ఒడ్డుకి పరుగెత్తింది.

నూకయ్య కూతుర్ని కళ్ళారా చూసుకుని తెడ్డు పక్కకి తీశాడు. కాకి ఒక్క గంతులో పిండం మీద వాలింది. సిగ్గుతో చెట్టుచాటున నక్కిన రాజు దయ్యాన్ని అప్పుడు చూసి నూకయ్య నవ్వాడు.

"రావయ్యా, పడవెక్కు. ఈ ఏరు కూడా నేనే దాటించాలి కదా నిన్ను."

నిజం చెప్పినవాడే మాకు రాజు కావాలని జనం పట్టుబట్టారు. అన్నలు తలవంచుకుని ఒప్పుకున్నారు. కువలయుడు తనని పెళ్ళాడమని అడిగితే మరిడమ్మ మాత్రం అంత తొందరగా ఒప్పుకోలేదు. మూడేళ్ళు తన దగ్గర పడవ నడపడం నేర్చుకున్నాకే కువలయుణ్ణి పెళ్ళాడింది. ఇద్దరూ చాలా ఏళ్ళు చల్లగా ఏలారు. పిల్లలు తాతల కథ అడిగితే, ఒక తాత ధైర్యం, ఇంకో తాత చేసిన పాపం, రెండూ ఒక్క ముక్క దాచకుండా చెప్పేవారు. పిల్లలు అంతా విని హాయిగా నిద్రపోయేవారు.