పదహారు కత్తులు, ఒక గడ్డం

కేతకీపురం రాజు వీరకేతనుడికి కంప్యూటరులో రథాల పందెం ఆడడమంటే ప్రాణం. ఒకనాడు పందెంలో సరిగ్గా మలుపు దగ్గర బొమ్మ ఆగి ఆగి కదిలింది. ఏలినవారి రథం పోయి గడ్డివామిలో దూరింది. మర్నాడే కొత్త ప్రాసెసర్లు తెప్పించమని హుకుం జారీ అయింది.

ప్రాసెసరంటే కంప్యూటరుకి బుర్ర. ఆ బుర్రలో కోర్లుంటాయి. ఒక్కో కోరునీ ఒక్కో పనివాడనుకోండి, సరిపోతుంది.

వచ్చినవి రెండు. మొదటిదాంట్లో పనివాళ్ళు ఎనిమిదిమందే, కానీ ఒక్కొక్కడూ ఒక్కో మెరుపు. పైగా కావలసిన సామానంతా చేతికందే దూరంలో పెట్టుకుని కూర్చుంటారు. రెండోదాంట్లో పదహారుమంది. వీళ్ళ చురుకు ఓ పిసరు తక్కువే, సామాను కూడా కాస్త లేచి తెచ్చుకోవాలి. అయితే పెద్ద పనిని పదహారు వాటాలు వేసుకోగలరు.

"వీటిలో గొప్పది నా ఆటగదికి, రెండోది కాలువల కచేరీకి. ఏది గొప్పదో సభ తేల్చాలి" అన్నాడు రాజు.

యంత్రభూషణ బిరుదున్న శరభయ్య మీసం దువ్వుకుంటూ లేచాడు. ఆయన ఏనాడూ ఏ యంత్రం మూతా విప్పి చూసినవాడు కాదు. అట్టపెట్టెల మీది అంకెలు చదివి పండితుడైనవాడు.

"ఇందులో తేల్చడానికేముంది ప్రభూ? ఎనిమిదికి రెట్టింపు పదహారు. పదహారు తమకి, ఎనిమిది కాలువల వాళ్ళకి. మట్టి తవ్వుకునేవాళ్ళకి అది చాలదూ?"

ఆ మాటకి గవరమ్మ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది. గవరమ్మ కాలువల కచేరీలో లెక్కలు చూసే మనిషి. ఏటి పల్లంలో ఏడు ఊళ్ళు ఏటేటా మునుగుతున్నాయి. ఏ పొలంలో వరదనీరు ఎటు పారుతుందో కంప్యూటరు చెబితేగానీ మళ్ళింపు కాలువ ఎక్కడ తవ్వాలో తెలీదు. ఎనిమిదిమందితో ఆ లెక్క తేలడానికి పన్నెండు రోజులు, పదహారుమందితో ఏడు రోజులు. తవ్వకానికి ఇంకో పన్నెండు రోజులు. వానలకి ఉన్నది ఇరవై రోజులే.

పెద్దది నాకిమ్మంటే రాజుగారికి పౌరుషం. ఇమ్మనకపోతే ఏడు ఊళ్ళూ నీళ్ళలో. గవరమ్మ కొంగు దోపుకుని లేచింది.

"భూషణం గారూ, చిన్న సందేహం. చేతులు రెట్టింపైతే వేగం రెట్టింపంటారు. ఏ పనికైనా అంతేనా అండీ?"

"ఏ పనికైనా అంతే. రాసిపెట్టుకో అమ్మాయీ."

"రాసుకున్నానండీ. ప్రభూ, అయితే తొలిరుచి జరిపించండి."

సభలో గుసగుసలు మొదలయ్యాయి. రాజుగారి తాతకి ఒక వైద్యుడు కొత్త లేపనమిచ్చి ఒళ్ళంతా బొబ్బలెక్కించాడట. ఆనాటినుంచి ఆ కొలువులో ఒక ఆచారం. ఎవడు ఏ సలహా చెప్పినా ముందు వాడి ఒంటి మీదే చూడాలి. దాని పేరు తొలిరుచి.

"జరగనీ. ఏమిటి పరీక్ష?" అన్నాడు రాజు.

"క్షవరం ప్రభూ. దండులో క్షురకులు పదహారుమంది ఉన్నారు. అందరూ కలిసి భూషణం గారి గడ్డం గీస్తే రెప్పపాటులో అయిపోవాలి కదా."

శరభయ్యని పీట మీద కూర్చోబెట్టారు. పదహారుమందీ చుట్టూ మూగి, తలా కాస్త సబ్బు పూశారు. నురగలోంచి కళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. వాళ్ళ పెద్ద ముత్యాలు వంగి, మర్యాదగా చెప్పాడు.

"అయ్యగారూ, కదలకండి. మావాళ్ళంతా ఒక్కసారే కత్తి వేస్తారు. మీసం ఎవడి వాటాకొస్తుందో నాకూ తెలీదు."

పదహారు కత్తులు లేచాయి. శరభయ్య కూడా లేచాడు.

"ఆగండాగండి. ఒక్క గడ్డం మీద పదహారు కత్తులేమిటయ్యా? ఒకడు గీస్తుంటే మిగతావాళ్ళు పక్కన నిలబడాల్సిందే కదా."

"మరి ఆ పదిహేనుమంది వేగం ఏమైపోయిందండీ?" అంది గవరమ్మ.

శరభయ్య నోరు తెరిచాడు. నురగ లోపలికి పోయింది. మూశాడు.

గవరమ్మ రాజువైపు తిరిగింది. "తమ పందెం ఒక్క గడ్డం లాంటిది ప్రభూ. తమ చెయ్యి కదలాలి, దాన్నిబట్టి రథం తిరగాలి, రథాన్నిబట్టి దుమ్ము లేవాలి. ఒకటి అయ్యాకే ఇంకొకటి. దానికి చురుకైన చేతులు కొన్ని చాలు, గుంపు దండగ. ముత్యాలూ, దండులో గడ్డాలెన్ని?"

"ఎనిమిది వందలమ్మా. పదహారుమందిమీ కూర్చుంటే పూటలో తెమిలిపోద్ది. సగం మందైతే పొద్దుగూకుద్ది."

"నా పొలాల లెక్క అలాంటిది ప్రభూ. ఎవరి గడ్డం వాళ్ళదే. వాటాలేసుకుని గీసెయ్యొచ్చు."

రాజు తలాడించాడు. కానీ సింహాసనం మీద ఇబ్బందిగా సర్దుకున్నాడు. "అంతా బాగానే ఉంది గవరమ్మా. కచేరీకి పదహారు, రాజుకి ఎనిమిదీ అంటే లోకం ఏమనుకుంటుంది?"

"నేనూ అదే అంటున్నా ప్రభూ" అంది నురగ.

గవరమ్మ చేతులు కట్టుకుంది. "ఈ ఉదయం తమ గడ్డం గీసింది ఎంతమంది ప్రభూ?"

రాజు చెంప తడుముకున్నాడు. "ఒక్కడే. రాజ్యంలో వాడంత చేయి తిరిగినవాడు లేడు."

"దండుకి పదహారుమంది ఉన్నారు, నాకు ఒక్కడేనా అని తమకెప్పుడైనా చిన్నతనమనిపించిందా?"

రాజు పగలబడి నవ్వాడు. పదహారు కోర్ల ప్రాసెసరు గవరమ్మ చేతిలో పెట్టించాడు. కాలువ తవ్వకానికి కోటలో ఉన్న ఎడ్లబళ్ళన్నీ బహుమానంగా రాసిచ్చాడు.

ముత్యాలు ఇంకా నిలబడే ఉన్నాడు. "ప్రభూ, అయ్యగారి మొహాన నురగ ఆరిపోతోంది. ఎంతమందిని ఉంచమంటారు?"

శరభయ్య రెండు చేతులతో మీసం పట్టుకున్నాడు.

"ఒక్కడు చాలు నాయనా. అదీ కాస్త నిదానస్తుణ్ణి చూడు."