శనివారం కొలువులో నడిచినది

మాఘ బహుళ చవితి, శనివారం, పొద్దెక్కి రెండు గడియలైన వేళ. ఏలేటికోట అనే చిన్న సంస్థానంలో వంటమనిషి అచ్చమ్మను తెచ్చి కొలువులో నిలబెట్టారు.

ఆ కోటనేలే పెదనరసరాజుగారికి మధ్యాహ్నం భోజనమయ్యాక రోజూ ఒకటే బాధ. కొలువులో కూర్చోగానే చేతులు కట్టేసినట్టయ్యేవి, గుండెలమీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టుండేది, కళ్ళకు చీకటి కమ్మేది. దీపాలవేళకి గాని తెలివి వచ్చేది కాదు. అంతటి వీరుడికి పట్టపగలు నిద్ర ఏమిటి? అది ఒప్పుకోవడం ఆయనవల్ల కాలేదు.

"ఇది నిద్ర కాదు ప్రభూ, ప్రయోగం," అన్నాడు కొలువు మాంత్రికుడు భైరవయ్య. "ఈ వంటమనిషి అన్నంలో దెయ్యాన్ని కలిపి పెడుతోంది."

"చీకటి పడేలోగా దీన్ని పొలిమేర అవతల అడవిలో వదిలి రండి," అన్నారు రాజుగారు. చీకటి పడ్డాక ఆ అడవిలోంచి తిరిగొచ్చినవాళ్ళు లేరు.

అచ్చమ్మ ఏడవలేదు. "బాబుగారూ, ఇంట్లో పొయ్యిమీద పాలున్నాయి. దింపి వస్తాను," అంది, అంతే.

అప్పుడు పురాణం చదివే కొండుభొట్లుగారు లేచారు. ఆయన మా అత్తగారి వైపు పెద్దలు; ఈ సంగతి ఆ ఇంట్లో చెప్పుకోగా విన్నదే.

"ప్రభూ, తమరికి నిద్ర పట్టేది నా పురాణం వల్లేమోనని ఇన్నాళ్ళూ సిగ్గుపడ్డాను. దెయ్యమంటే మనసు కుదుటపడింది. మరి శనివారాలు రాదేం అది?"

"శనివారం ఆంజనేయస్వామిది. దెయ్యాలు గడప తొక్కవు," అన్నాడు భైరవయ్య.

"స్వామి చల్లగా చూడాలి. అయితే శనివారాలు రాజుగారు పగలు భోంచెయ్యరు కూడాను. భైరవయ్యగారూ, ఇవాళ ఆ భోజనమేదో మీరూ, మంత్రులూ, భటులూ చెయ్యండి. వండేది మీ ఇంటావిడే. అచ్చమ్మ నా పక్కన చేతులు కనపడేలా కూర్చుంటుంది. దెయ్యం రాకపోతే ఆమెతోపాటు నేనూ అడవికి పోతాను."

రాజుగారు సరేనన్నారు.

మధ్యాహ్నమైంది. నేతిపప్పు, గుమ్మడికాయ పులుసు, బూరెలు, పరమాన్నం గొంతుదాకా తిని అందరూ వరసగా కూర్చున్నారు. తినని వాళ్ళు ముగ్గురే: రాజుగారు, కొండుభొట్లుగారు, అచ్చమ్మ.

ఎండ నిలువునా దిగుతోంది. పావురాలు కూడా పలకడం మానేశాయి. ముందుగా గుమ్మంలో భటుడి బల్లెం మెల్లగా గోడవెంట జారింది. తరవాత పక్కవాడి తల వాలింది. ఆ తరవాత వాడి పక్కవాడిది. ఎవరో వరసవెంట నడుస్తూ ఒక్కొక్కరి కళ్ళూ చేత్తో మూస్తున్నట్టే ఉంది. నోళ్ళు తెరుచుకున్నాయి. ముఖాల్లో జీవకళ పోయింది. అందరి ఊపిరీ ఒకేసారి లేచి, ఒకేసారి పడుతోంది.

రాజుగారి ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. "కొండుభొట్లూ, అక్కడ అడుగుల చప్పుడు..."

"వరసలోనే వస్తోంది ప్రభూ. కదలకండి. మనం తినలేదు, మన జోలికి రాదు."

వరస చివర భైరవయ్య వేపమండ ఎత్తి, మంత్రం సగంలోనే పక్కకి ఒరిగిపోయాడు.

"ఇది చేసిందెవరు?" అన్నారు రాజుగారు.

"బూరెలు, ప్రభూ. కోటలో ఒకచోట విందు జరుగుతుంటే సైన్యమంతా అటే పోదూ? ఒంట్లో ఉన్న సత్తువంతా కడుపు దగ్గరికి చేరింది. ఇక కళ్ళ దగ్గర కాపలా ఎవరున్నారు?"

"రోజూ నేనూ ఇలాగే ఉంటానా?"

"తమరు ఇంకాస్త ఠీవిగా ఉంటారు. గురక కూడా రాజలాంఛనాలతోనే వస్తుంది."

రాజుగారు పకపకా నవ్వారు. ఆ నవ్వు గోడలకి తగిలి తిరిగొచ్చింది గాని, పడుకున్నవాళ్ళలో ఒక్కడూ కదల్లేదు. ఆయన నవ్వాపి, చేతి కడియం తీసి కొండుభొట్లుగారికి తొడిగారు. "అచ్చమ్మా, తప్పు నాది. ఇంటికి వెళ్ళు," అన్నారు.

మర్నాడు పొద్దున్నే అచ్చమ్మ కోట వంటింట్లో పొయ్యి అంటించింది. రాజుగారే గుమ్మందాకా వచ్చి నెయ్యి తగ్గించమనీ, అన్నం సగమే పెట్టమనీ, కొలువు పొద్దుటిపూటకి మార్చాననీ చెప్పి వెళ్ళారు. ఆమె అన్నం వార్చి, మొదటి ముద్ద ఆకులో పెట్టి, కొలువుకూటం గడప పక్కన ఉంచి వచ్చింది.

ఎవరికని ఆమెని ఎవరూ అడగలేదు.