నూకరత్నం చెయ్యి

మామిడి ముక్కకు ఉప్పంటే మోజు,
ఉప్పుకు ఏమో ఆవంటే మోజు,
ఆవకు ఏమో...

ఆవకు ఏమంటే మోజో, ఆ ముక్క ఎక్కడో జారిపోయింది నాకు. పోన్లే, కథ వినండి.

అనగా అనగా గోదారొడ్డున ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక అత్తా, ఒక కోడలూ. అత్త సింహాచలం, కోడలు నూకరత్నం. గయ్యాళి అత్త కాదర్రా, వెన్నపూస. నూకరత్నం ఆవకాయ కలిపిందంటే ఆ పూట వీధంతా ఒక గుప్పెడు బియ్యం ఎక్కువ వేసుకునేది. కొలతలూ గిలతలూ లేవు, చేత్తో తీసి వేస్తే అదే లెక్క.

అలాంటిది, ఒక ఏడు మరిది పెళ్ళికి జాడీ మూత తీస్తే బూజు. పంక్తిలో ఉన్న మొగుడి మేనత్త ఊరుకుంటుందా, "తడిచెయ్యి పెట్టిందమ్మా మహాతల్లి" అనేసింది. ఊ కొడుతున్నారా?

ఆ మాట నూకరత్నం చేతికి అంటుకుంది. చెయ్యి పొడిగానే ఉందని కంటికి తెలుసు, మనసుకి తెలీదు. "అత్తా, ఆరిందా?" అంటే "ఆరిందే అమ్మా." మళ్ళీ తుడిచి "అత్తా, ఆరిందా?" అంటే "ఆరిందే తల్లీ." తుడిస్తే అనుమానం, అనుమానమొస్తే అడగడం, అడిగితే జవాబు, జవాబు వింటే మళ్ళీ తుడవడం. తుడిచి తుడిచి అరచెయ్యి పగిలింది. ఎండ దిగేది, ముక్కలు వడిలేవి, చివరికి అత్తే కలిపేది. ఎన్ని వేసవులు పోయాయో అలా. చెప్పినకొద్దీ పిల్లకి ధైర్యం వస్తుందనుకుంది అత్త. రాలేదు సరికదా, ఉన్నదీ పోయింది.

ఒక ఏడు కాయ ఏకాదశి నాడు దిగింది. ముక్కలు కొట్టేశారు, ఇక ఆగవు. అత్తకేమో ఆ రోజు మౌనవ్రతం. "అత్తా, ఆరిందా?" పలకలేదు. "తల ఊపత్తా, చాలు." అత్త కళ్ళు మూసుకుంది. కోడలికి ఏడుపొచ్చింది. "నీ వ్రతం మండా" అని కూడా అనేసింది, పాపం. ఎంతసేపటికీ జవాబు రాక, మళ్ళీ తుడవకుండా చెయ్యి అలాగే కారంలో పెట్టింది. పగుళ్ళు భగ్గుమన్నాయి. తియ్యలేదు. కలుపుతూ కలుపుతూ ఉంటే భయం దానంతటదే దిగింది.

మర్నాడు నోరు తెరిచి అత్త అన్న మొదటి మాట ఇదీ: "ఈ నోరు ఎప్పుడో మూసుకోవాల్సిందే. ధైర్యం పోస్తున్నాననుకుని, నీది నేనే తోడేశానమ్మా."

తర్వాత అనుమానం పోయిందా అంటే, పోలేదర్రా. వచ్చేది. వచ్చినా అడక్కుండా పని చేసుకునేది. ఒకసారి చిన్న జాడీ బూజు పట్టింది కూడా. పారేశారు. ఆకాశం ఊడిపడలేదు.

కాని అత్తకి వేసవులు అయిపోయాయి. మంచాన పడింది. ఇన్నేళ్ళలో ఈవిడకి నా చేత్తో ఒక్క ముద్ద పెట్టలేదే అని నూకరత్నం కుమిలిపోయింది. చెయ్యి కడుక్కుని, ఒక్కసారే తుడుచుకుని, వేడన్నంలో కొత్తావకాయ కలిపి అత్త నోటికందించింది.

ఎవరి నమ్మకం వాళ్ళే ఊరబెట్టుకోవాలర్రా, ఒకరు పోస్తే నిలవుండదు. ఇదిగో, కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి. అత్త ఆఖరి మాటా? మెల్లిగా నమిలింది, మింగింది.

"ఉప్పు తగ్గిందే. ఇంకో ముద్ద పెట్టు."