చేట దించమన్న గుమ్మితల్లి

ఎర్రవాగు దాటి నల్లమల వైపు తిరగగానే జొన్నచేల నడుమ కనిపించే ఊరు గుమ్మితల్లిపల్లె. ఇక్కడి అమ్మవారి గుడికి గోపురం లేదు. ధాన్యం దాచే వెదురు గుమ్మిలాగే గుండ్రంగా, ఎర్రమట్టి పూతతో ఉంటుంది. పైన మూత ఉండదు. ఎండైనా వానైనా నేరుగా అమ్మ మీదనే. మూత వేయరాదన్నది ఇక్కడి కట్టు. గోడకు చిన్నపిల్ల కూర్చుంటే నోరు ఆనేంత ఎత్తులో చిన్న రంధ్రం ఉంది. భక్తులు వంగి ఆ రంధ్రంలోంచే అమ్మను దర్శించుకుంటారు. లోపల అరచేతి పాటి పసుపురాయి, అదే తల్లి.

పూర్వం ఇక్కడ ఏ తలుపుకూ తాళం లేదు. అది ఊరి గొప్ప. జొన్నకోతలొస్తే ఇంటిల్లిపాదీ చేలకు పోయేవారు. పోతూ వాకిట్లో చేటను బోర్లించి తగిలించేవారు. ఇంట్లో ఎవరూ లేరనడానికి అది గుర్తు. దూరం నుంచి వచ్చిన చుట్టం ఎండలో నిలబడి పిలిచి అలసిపోకూడదని ఈ మర్యాద పెట్టుకున్నారు. దారిన పోయే పరదేశికి సైతం మజ్జిగ పోసి, మీసం దువ్వి ఈ సంగతి చెప్పుకునేవారు. విన్నవాళ్ళలో చుట్టాలే ఉంటారని ఎలా అనుకున్నారో!

ఆ ఊళ్ళో సుంకమ్మ అనే ఇల్లాలు ఉండేది. లేకలేక పుట్టిన ఐదేళ్ళ కూతురు ఓబులమ్మ ఆమెకు ప్రాణం. ఆ ఏడు కోతల్లో పిల్లకు జ్వరం తగిలింది. తెల్లవారుజామున చెమట పట్టి నిద్రపోయింది. చేలో ఇంకొక్క సాలు మిగిలి ఉంది. కోసి ఎండెక్కకముందే వచ్చేద్దామనుకుంది సుంకమ్మ. ఎవరైనా పిలిస్తే పిల్ల లేస్తుందని వాకిట్లో చేట తగిలించింది.

పక్కింటి చెన్నక్క అరుగు మీద జొన్నలు విసురుతోంది. ఒక్క మాట చెప్పవలసింది. కానీ కోడిపెట్ట గొడవలో ఇద్దరికీ పది రోజులుగా మాటల్లేవు. సుంకమ్మ తల తిప్పుకుని పోయింది.

తిరిగొచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. ఇత్తడి బిందెలు లేవు, పెట్టెలో కడియాలు లేవు. అవి ఆమె చూడనే లేదు. పక్క ఖాళీగా ఉంది. దుప్పటి నేల మీద ఉంది.

కేక విని చెన్నక్క పరుగున వచ్చింది. “నేను లోపల పొయ్యి దగ్గరుండగా చప్పుడైందే! చేట చూసి, ఇంట్లో ఎవరూ లేరు, పిల్లి దూకిందనుకున్నానే! నీ నోరు పడిపోయిందా? పిల్ల ఉందని ఒక్క మాట చెప్పి పోకూడదూ?”

“చెప్తే పలికేదానివా?”

“పలకను. తిట్టేదాన్ని. తిడుతూనే వచ్చి కూర్చునేదాన్ని!”

ఊరంతా కదిలింది. వాగు వెదికారు, దిగుడుబావి వెదికారు, గడ్డివాములు విప్పారు. పొద్దు నడినెత్తికెక్కింది. ఎండలో వెదికి వచ్చిన సుంకమ్మ వాకిట్లోనే సొమ్మసిల్లింది. చెన్నక్క ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని కొంగుతో విసిరింది. ఆ రెప్పపాటులో సుంకమ్మకు ఒక ముసలవ్వ కనిపించింది. ఒళ్ళంతా పసుపు. ముఖం మాత్రం కనబడలేదు.

“నా ముఖం మీద చేట పెట్టారే. ఊపిరాడడం లేదు, దించు” అంది అవ్వ.

సుంకమ్మ కళ్ళు తెరిచి గోడవైపు చూసింది. తాను తగిలించిన చేట అక్కడ లేదు.

ఇద్దరూ ఇంట్లోకి పరుగెత్తారు. మూల ఉన్న జొన్నగుమ్మి మూతి మీద ఆ చేట బోర్లించి ఉంది. దాని పైన తిరగలి రాయి. ఇల్లు ఖాళీ అనుకుని వచ్చిన దొంగలు పిల్ల లేచేసరికి బెదిరి, పిల్లను అందులో దించి, మూసి పారిపోయారు. చెన్నక్క రాయి దొర్లించింది, సుంకమ్మ చేట దించింది. గుమ్మి పూత రాలిన చోట నోరు ఆనించి, గాలి పీలుస్తూ కూర్చుని ఉంది ఓబులమ్మ.

“అమ్మా, లోపల అవ్వ ఉంది. ఏడిస్తే ఊపిరి అయిపోతుంది, ఈ కంతలో నోరు పెట్టు, మీ అమ్మ వస్తుంది అంది” అన్నది పిల్ల.

అడుగున మిగిలిన జొన్నలు తోడితే పసుపు పూసిన రాయి దొరికింది. అది ఎవరూ పెట్టింది కాదు.

ఆ సాయంత్రం ఊరు కూడింది. “మర్యాద మానుకుందామా?” అన్నారు పెద్దలు. సుంకమ్మ లేచింది. ఎన్నడూ నలుగురిలో మాట్లాడని మనిషి. “మర్యాద ఉండనీయండి. గోడకున్న చేట దొంగకూ చెబుతుంది. పక్కింటి చేతికిచ్చిన చేట పక్కింటికే చెబుతుంది” అని తన చేటను చెన్నక్క చేతిలో పెట్టింది. చెన్నక్క తిడుతూనే పుచ్చుకుంది. ఆ తరువాత ఇన్ని తరాల్లో కోతలవేళ ఈ ఊళ్ళో ఒక్క ఇల్లూ దోపిడీకి గురికాలేదని పెద్దలు చెబుతారు.

నేటికీ మాఘమాసం చివరి మంగళవారం, కోతలకు ముందు, ప్రతి ఇల్లాలూ తన చేటను పొరుగింటికి ఇచ్చి, “మా గడప నీ కంట పెడుతున్నా” అంటుంది. “నా కన్ను నీ గడపలోనే” అని బదులు. మాటల్లేని ఇళ్ళు ముందు మాట కలుపుకోవాలి, లేకుంటే ఆ ఏడు అమ్మకు పసుపు పూసే వంతు వారికి రాదు. వీధికొకరు కోత మాని కావలి ఉంటారు, వారి సాలు తక్కినవారు కోస్తారు. ఎండాకాలం పొయ్యి ఆర్పి బయలుదేరాలి, బావికి మూత వేయాలి, జ్వరం పిల్లను ఒంటరిగా విడువరాదు. దాహమన్నవారికి అరుగు మీద నీళ్ళివ్వాలి, ఇంట్లోకి పిలువరాదు. ఇవి అమ్మ కట్టుబాట్లు.

ఇప్పటి పూజారిణి వీరనాగమ్మ, సుంకమ్మ వంశంలోని కోడలు, యాత్రికులకు మరొకటి చెబుతుంది. “తాళం వేసుకోండి, మంచిదే. ఊరెళ్తున్నామని ఫోనులో లోకమంతటికీ ఫోటోలు పెట్టకండి. అదీ గోడకు చేట తగిలించడమే. పక్కింటావిడకు చెప్పండి, చాలు.”

దర్శనమయ్యాక తల్లులు రంధ్రం దగ్గర నోరు పెట్టి తమ బిడ్డను పేరుపెట్టి పిలుస్తారు. బిడ్డ ఎంత దూరాన ఉన్నా సరే. అప్పుడు వెనుక వరుసలో ఉన్నవారు, ఎవరైనా, ఏ ఊరివారైనా, “ఓయ్, ఇక్కడే ఉంది” అని పలకాలి. అలా పలికిన వారి ఇల్లు కూడా ఆ ఏడాదంతా గుమ్మితల్లి చూసుకుంటుంది.