రంగరాయల మేడ, పేరిందేవమ్మ పంచ

తిరునాళ్ళొస్తే యాత్రికులు నేరుగా పూటకూళ్ళ పేరిందేవమ్మ ఇంటికే వచ్చేవారు. ఆ ఇంటి దూలాలు గట్టివి, దొడ్డిగుమ్మానికి అడ్డం ఉండదు, పొయ్యి పక్కన నీళ్ళగోలెం ఎప్పుడూ నిండుగా ఉంటుంది. అదే ఆవిడ గర్వం.

ఆ ఏడు రాజుగారి బావమరిది రంగరాయలు తన పాత మేడను బసకివ్వాలనుకున్నాడు. "పేరిందేవమ్మ పెంకుటింట్లో బస ప్రమాదం బావగారూ. యాత్రికులంతా నా మేడలోనే దిగాలని చాటింపు వేయించండి" అన్నాడు. రాజు మేడ చూడడానికి వచ్చాడు. పేరిందేవమ్మా వెళ్ళింది.

అంతలో వాన అందుకుంది.

"అయ్యో, మీ గుర్రం తడుస్తోంది రాయలవారూ! మేడలోకి తోలించనా?" అంది పేరిందేవమ్మ.

"మతిపోయిందా నీకు? ఆ దూలాలు ఎప్పుడు కూలతాయో! అది అరబ్బీ గుర్రం!" అని అరిచాడు రంగరాయలు.

రాజు అతనికేసి చూశాడు. "గుర్రానికి పనికిరాని చోట మనుషుల్ని పడుకోబెడతావా?"



"మరి నీ ఇంటికి పూచీ ఏమిటమ్మా?" అని రాజు ఆవిణ్ణీ అడిగాడు.

పేరిందేవమ్మ తలెత్తి నిలబడింది. "ఆ గుర్రాన్ని మా పంచలో కట్టేస్తాను ప్రభూ. రాయలవారు వద్దంటారేమో చూడండి."

రంగరాయలు వానలో తడుస్తూనే వెళ్ళి, గుర్రాన్ని తెచ్చి కళ్ళెం ఆవిడ చేతికిచ్చాడు.