బంగారపు మోతాదు

వేదాద్రిగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే బదులు చెప్పేవారు కారు. చేతిలో ఏ పని ఉంటే ఆ పనిలోకి అడిగినవారిని కూడా లాగేవారు. కాకినాడ దగ్గర రొయ్య పిల్లలకు రోగ పరీక్షలు చేసే చిన్న ప్రయోగశాల ఆయనది. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న సుభాషిణి ఒక ఉదయం అడిగింది: "సార్, బంగారం ఎంత వేసి ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది?"

రొయ్య పిల్లలో వైరస్ ఉన్నా దాని డీఎన్ఏ లవలేశమే ఉంటుంది. పీసీఆర్ యంత్రం దాన్ని కంటికి కనబడేంతగా పెంచుతుంది. ఆ పెంచడంలో అక్కర్లేని ముక్కలు కూడా పెరిగి, వాటిని విడదీసి చూపే జెల్ పలక మీద అడ్డదిడ్డంగా చారలు పడతాయి. కంటికి ఆనని బంగారు రేణువులున్న ఎర్రటి ద్రవం కాస్త కలిపితే ఆ పిచ్చి చారలు తగ్గి, వైరస్ ఉందని చెప్పే అసలు చార తేటగా నిలుస్తుంది. ఆరు నెలలుగా సుభాషిణి చేస్తున్న పని అదే.

ఆ రోజు ఏసుపాదం అనే రైతు హేచరీ నుంచి తెచ్చిన పిల్లల సంచులతో వచ్చి, వ్యాను నీడలో ఆపాడు. నిరుడు తెల్లమచ్చ రోగంతో అతని చెరువు మొత్తం పోయింది. ఈసారి పరీక్ష కాకుండా చెరువులో వదిలేది లేదన్నాడు. ఫలితం మరింత శుభ్రంగా రావాలని సుభాషిణి బంగారం రెట్టింపు వేసింది. మధ్యాహ్నానికి చూస్తే జెల్ మీద ఒక్క చారా లేదు.

"రోగం లేదు సార్. ఆయనకి చెప్పేసి రానా?"

వేదాద్రిగారు ఫ్రీజర్‌లోంచి ఒక చిన్న గొట్టం తీసి ఇచ్చారు. అందులో నిరుడు ఏసుపాదం చెరువులో రోగంతో చచ్చిన రొయ్య డీఎన్ఏ ఉంది. "దీనికీ అంతే బంగారం వేసి చూడు. పాత మోతాదుతో రెండిటినీ పక్కనే పెట్టు."

ఏసుపాదం గుమ్మం దాకా వచ్చాడు. "ఇంకా ఎంతసేపండీ? సంచుల్లో పిల్లలు సాయంత్రం దాకానే ఆగుతాయి."

"ఇంకో రెండు మూడు గంటలు కూర్చోవయ్యా," అన్నారు వేదాద్రిగారు.

రెట్టింపు బంగారం వేసిన చోట, రోగంతో చచ్చిన రొయ్యకు కూడా చార పడలేదు. సుభాషిణి పక్క వరస చూసింది. పాత మోతాదు వేసిన చోట చచ్చిన రొయ్యకు చార పడింది. ఏసుపాదం తెచ్చిన పిల్లలకూ సరిగ్గా అదే ఎత్తులో, సన్నగా పడింది. ఎక్కువైన బంగారం పిచ్చి చారలతో ఆగక, డీఎన్ఏని పెంచే ఎంజైమునే పట్టేసుకుంది.

ఆమె తనే వ్యాను దగ్గరకు వెళ్ళింది. "ఈ పిల్లలకి రోగం ఉందండీ. ఇందాక లేదని చెప్పబోయాను. తప్పు నాదే."

ఏసుపాదం సంచుల వైపు చూశాడు. తర్వాత, "చెప్పలేదు కదమ్మా," అని హేచరీవాళ్ళకి ఫోను కలిపాడు.

సుభాషిణి లోపలికి వచ్చింది. "బంగారం మానెయ్యమంటారా సార్?"

వేదాద్రిగారు చేతులు కడుక్కుంటున్నారు. "ఎందుకు? ఎంత వేసినా, ముందు రోగం ఉందని తెలిసినదాన్ని అడుగు. తెలియనిదాన్ని తర్వాత అడుగుదువుగాని," అన్నారు.