అడిగే అమ్మ కనుమ

స్పెయిన్ దేశంలో ఎత్తైన మైదానాలు మెల్లగా కొండలుగా మారే ఒక మూల, పెన్యసోల, కాంతరేల అనే రెండు చిన్న ఊళ్ళు ఉన్నాయి. వాటి మధ్య కొండ కాస్త వంగి దారి ఇచ్చిన చోటికి అడిగే అమ్మ కనుమ అని పేరు. ఒక ఊరి నుంచి రెండవ ఊరికి కాలిబాటన పన్నెండు కిలోమీటర్లు. కనుమ సరిగ్గా నడుమ ఉంది. ఇప్పుడు ఈ బాటను పరుగు దారిగా గుర్తించి, రాళ్ళ మీద పసుపు గీతలు గీశారు. పెన్యసోలకు మంగళవారం, శుక్రవారం మాత్రమే బస్సు వస్తుంది. ఊరి చివర పశువుల తొట్టి పక్కనున్న కుళాయి దగ్గర సీసాలు నింపుకోవాలి. ఆ తరువాత కాంతరేల చేరేదాకా నీరు లేదు.

మొదటి మూడు కిలోమీటర్లు గోధుమ చేల మధ్య సాగుతాయి. తరువాత చేలు ఆగిపోయి, మోకాలెత్తు పొదలు, గాలికి ఒకే వైపు ఒరిగిన జునిపర్ చెట్లు మొదలవుతాయి. పరుగెత్తేవారికి వినిపించేది తమ అడుగుల చప్పుడు, తమ ఊపిరి మాత్రమే. పైన గద్దలు తిరుగుతుంటాయి. కింద మనిషి జాడ ఉండదు. ఎవరైనా ఎదురుపడతారేమోనని మొదట్లో వెతికే కళ్ళు కొంతసేపటికి వెతకడం మానేస్తాయి. ఒంటరితనం మనిషిలో ఉంటుందా, నేలలో ఉంటుందా అన్న ప్రశ్న ఈ దారిన పోయేవారికి ఎక్కడో ఒకచోట కలుగుతుంది. పెన్యసోలలో నేడు పదకొండుమంది, కాంతరేలలో ఏడుగురు నివసిస్తున్నారు.

కనుమ మీద పదిమంది పట్టని రాతి గుడి ఉంది. లోపల మూరెడు ఎత్తున మరియమాత కొయ్య విగ్రహం. తల్లి చేతిలో బిడ్డ లేడు. కుడి అరచేయి నోటి పక్కకు చేరి, దూరాన ఉన్నవారిని పిలుస్తున్నట్లుంటుంది. పెదవులు విడివడి ఉన్నాయి. ఈ రూపం ఎలా వచ్చిందో, ఆ పేరు ఎలా వచ్చిందో రెండు ఊళ్ళవారూ ఇలా చెబుతారు.

పూర్వం ఈ కనుమకు పేరు లేదు, గుడి లేదు. పెన్యసోలవారు గోధుమ పండించేవారు, కాంతరేలవారు గొర్రెలను పెంచేవారు. వీరు వారిని గొర్రెతలలనీ, వారు వీరిని పిండిమొహాలనీ వెక్కిరించుకుంటూనే రొట్టెకు ఉన్ని, ఉన్నికి రొట్టె మార్చుకునేవారు. ఒక శరత్కాలంలో మహమ్మారి ఆ ప్రాంతానికి వచ్చింది. పెద్దలు కనుమ మీద కలుసుకొని ఒక కట్టుబాటు చేసుకున్నారు. నలభై అడుగుల దూరంలో రెండు రాళ్ళు పాతారు. ప్రతి మధ్యాహ్నం ఒక్కో ఊరి నుంచి ఒక్కో మనిషి వచ్చి, తన రాయి దాటకుండా నిలబడి, కేకవేసి ఊరి క్షేమం చెప్పాలి. ఏ రోజైనా మనిషి రాకపోయినా, ఊళ్ళో పదిమంది కూడా మిగల్లేదని వచ్చిన మనిషి చెప్పినా, అవతలి ఊరివారు దారిని రాళ్ళతో కట్టివేసి దక్షిణానికి వెళ్ళిపోవాలి. అందుకు కావలసిన రాళ్ళు ముందే తెచ్చి బాట పక్కన పోశారు.

పెన్యసోల తరఫున వచ్చే మనిషి ఒరోసియా. రొట్టెలు కాల్చే ఫొర్తున్ మేనకోడలు, ఇరవై ఆరేళ్ళది. జబ్బుపడినవారికి నీళ్ళిచ్చి, పోయినవారికి గొయ్యి తవ్వి, మధ్యాహ్నానికి కనుమ చేరాలంటే నడక చాలదు. అందుకని ఆమె పరుగెత్తేది. కాంతరేల తరఫున బ్లాస్కో అనే కాపరి వచ్చేవాడు. మహమ్మారికి ముందు ఇద్దరికీ పెద్దగా పరిచయం లేదు.

ఈస్టర్ పండుగ నాటికి పెన్యసోలలో ఒరోసియా ఒక్కతే మిగిలింది. మేనమామ ఫొర్తున్, ముసలివాళ్ళు, పసిపిల్లలు, చివరగా చెల్లెలు హిమేన, అందరినీ ఆమె చేతులే మట్టిలో కప్పాయి. ఆ మధ్యాహ్నం కనుమకు పరుగెత్తుతూ ఆమె ఒక్కటే ఆలోచించింది. నిజం చెబితే అవతలివాళ్ళు దారి కట్టి వెళ్ళిపోతారు. ఆ తరువాత ఈ భూమి మీద మరో మనిషి గొంతు తనకు వినిపించదు. చావుకన్నా ఆ నిశ్శబ్దానికే ఆమె ఎక్కువగా భయపడింది.

"పిండిమొహం పిల్లా! మీ ఫొర్తున్ మామ ఇవాళ రొట్టె కాల్చాడా?" అని బ్లాస్కో అడిగాడు.

"కాల్చాడు. మాడ్చాడు కూడా. నీ గొర్రెతలకు ఆ మాడుముక్కే ఎక్కువ."

"మరి హిమేన దగ్గు?"

"దగ్గు పోయింది. నోరు మాత్రం పోలేదు."

బ్లాస్కో నవ్వాడు. ఒరోసియా కూడా నవ్వి, కొండ దిగేటప్పుడు దారిలో కూర్చుని ఏడ్చింది.

అలా రెండు నెలలకు పైగా గడిచింది. అతడు రోజూ ఒక్కొక్కరి పేరు పెట్టి అడిగేవాడు. ఆమె ఒక్కొక్కరికీ ఒక పని, ఒక తగవు, ఒక చిరాకు కల్పించి చెప్పేది. పరుగెత్తే దారిలో రేపటికి ఎవరి గురించి ఏం చెప్పాలో కూర్చుకునేది. పోయినవారు ఆ కాస్తసేపు బతికినట్లుండేది. అతడూ తన తల్లి సంచ గురించి, తోటి కాపరులు ముగ్గురి గురించి చెప్పేవాడు. కాంతరేల నిండుగా ఉందని వింటే ఆమెకు అసూయ కలిగేది, ధైర్యమూ కలిగేది.

జూన్ ఆఖరివారంలో వచ్చే యోహాను పండుగ రోజున బ్లాస్కో వెనకే గొర్రెల మంద మొత్తం కనుమ ఎక్కి వచ్చింది.

"ఈ మంద అంతా ఏమిటి, బ్లాస్కో?"

"నేనంటే వాటికి ముద్దు. ఏం చేయను?"

"మీ కాపరులు ముగ్గురూ ఏరి?"

"పండుగ కదా. తాగి పడుకున్నారు."

"ముగ్గురూనా?"

"ముగ్గురూ."

ఒరోసియా గొర్రెల వైపు చూసింది. ఉన్ని గుత్తులుగా మోకాళ్ళ దాకా వేలాడుతోంది. యోహాను పండుగకు ముందే మంద ఉన్ని తీయడం కాంతరేలలో తప్పనిసరి ఆచారం; ముసలివాళ్ళు, పిల్లలు సహా ఊరంతా ఆ పనిలో దిగుతుంది. ఆ వేళకు ఉన్ని తీయని గొర్రె ఆ ఊళ్ళో ఉండదు.

"బ్లాస్కో, గొర్రెను పట్టేవాళ్ళు లేరా? కత్తెర వేసేవాళ్ళు లేరా?"

అతడు పక్కనున్న గొర్రె ఉన్నిలోకి వేళ్ళు పోనిచ్చాడు. తరువాత అన్నాడు: "నువ్వు మీ ఊళ్ళో ఇంకో నాలుగు పొయ్యిలు వెలిగించి ఉండాల్సింది, ఒరోసియా. నా వెనకున్న ఈ గుట్ట ఎక్కితే మీ కప్పులన్నీ కనిపిస్తాయి. ఈస్టర్ నుంచి ఒక్క పొగే చూస్తున్నాను."

"తెలిసి కూడా రోజూ అడిగావా? ఫొర్తున్ మామను, హిమేనను..."

"అడగకపోతే నువ్వు రావేమోనని."

అతడు తల్లిని పాతిపెట్టి ఎనిమిది రోజులే అయింది. తనకు జబ్బు అంటలేదని తేలేందుకు నలభై రోజులు గడిచేదాకా ఎవరి రాయి దగ్గర వారే ఉండాలని అతడు పట్టుబట్టాడు. ఇంకా ముప్పై రెండు రోజులు. ఆమె సరేనంది. ఆ రోజు నుంచి వాళ్ళ మధ్య మాటలు తగ్గాయి. కల్పించి చెప్పడం సులువు. నిజం ఎక్కడ మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియలేదు. రాళ్ళకు ఆనుకొని ఒకరినొకరు చూస్తూ కూర్చునేవారు.

పన్నెండవ రోజున బ్లాస్కో రాలేదు. ఎండ నడినెత్తి దాటింది. రాతి నీడ ఒక అడుగు తూర్పుకు జరిగింది. కట్టుబాటు ప్రకారం ఆమె దారి మూసి వెళ్ళిపోవాలి. రాళ్ళ కుప్ప పక్కనే ఉంది. వెనక్కి వెళితే ప్రాణం దక్కుతుంది, పలకరించేవారు ఉండరు. ముందుకు వెళితే ప్రాణం కూడా దక్కకపోవచ్చు. ఒరోసియా తన రాయి దాటింది. నలభై అడుగులు నడిచి, అతని రాయినీ దాటి, అంతవరకు ఎన్నడూ తొక్కని దారిన కిందికి పరుగెత్తింది.

బ్లాస్కో తన ఇంట్లో నేల మీద పడి ఉన్నాడు. చంకలో మహమ్మారి గడ్డ లేచింది. అడుగుల చప్పుడు విని కళ్ళు తెరిచాడు.

"గడప దాటకు."

"దాటను" అని ఆమె గడప బయట కూర్చుంది.

"రొప్పుతున్నావు. అక్కడ కూజా ఉంది, నీళ్ళు తాగు."

"తరువాత తాగుతాను. ముందు మీ కాపరుల సంగతి చెప్పు. పెద్దవాడి పేరేమిటి? ఎలా పోయాడు?"

అతడు చెప్పాడు. ఆమె రెండవవాని గురించి అడిగింది. ఇల్లిల్లూ వరుసగా, పేరు పేరునా అడిగింది. ఇంతకాలం బతికున్నట్లు చెప్పుకున్నవారి చావులను అతడు ఒక్కొక్కటిగా చెప్పాడు. ఎవరు ఎవరిని పిలుస్తూ పోయారో, ఎవరికి పక్కన మనిషి లేకపోయాడో చెప్పాడు. సాయంకాలానికి తల్లి సంచ దగ్గరకు వచ్చాడు. ఆమె గురించి ఎక్కువ చెప్పలేకపోయాడు.

"ఇంకెవరూ లేరు. ఇక తాగు" అన్నాడు.

ఆమె నీళ్ళు తాగింది. మర్నాడు సూర్యోదయానికి బ్లాస్కో కన్నుమూశాడు. ఆమెకు మహమ్మారి సోకలేదు.

మందను వదిలి వెళ్ళలేక ఒరోసియా కాంతరేలలోనే ఉండిపోయింది. గొర్రెలను ఒక్కొక్కటిగా కట్టివేసి, ఆ వేసవి అంతా ఒంటరిగా ఉన్ని తీసింది. అయినా ప్రతి మధ్యాహ్నం కనుమకు పరుగెత్తడం మానలేదు. ఇప్పుడు ఆమె వచ్చేది అవతలి వైపు నుంచి. నిలబడేది బ్లాస్కో రాయి దగ్గర. అరచేయి నోటికి చేర్చి, ఖాళీగా ఉన్న తన పాత రాయి వైపు కేకవేసేది.

శరత్కాలంలో దక్షిణం నుంచి కొత్త మందలతో కాపరులు వచ్చారు. వారికి నాయకుడైన తెల్లో అనే యువకుడు ఆమెను చూసి ఆగాడు.

"ఎవరిని పిలుస్తున్నావమ్మా? అటు ఎవరూ లేరే."

"మా ఊరివాళ్ళను అడుగుతున్నాను. ఫొర్తున్ మామ రొట్టె కాల్చాడా, హిమేన దగ్గు తగ్గిందా అని."

"వాళ్ళు పలుకుతారా?"

"పలకరు. అడిగేవాళ్ళు ఒకరుండాలి కదా."

తెల్లో మనుషులు కొందరు కాంతరేలలో, కొందరు పెన్యసోలలో స్థిరపడ్డారు. ఒరోసియా ఇంకా చాలా ఏళ్ళు బతికి, పరుగెత్తగలిగినంతకాలం పరుగెత్తి, తరువాత నడిచి కనుమకు వెళ్ళేదట. ఆమె పోయిన తరువాత తెల్లో కనుమ మీద గుడి కట్టించి, జునిపర్ కొయ్యతో మరియమాతను చెక్కాడు. అతనికి తెలిసిన తల్లి రూపం ఒకటే కనుక చేయి నోటికి చేరింది, పెదవులు తెరుచుకున్నాయి. దేవమాత కేకలు వేయడమేమిటని ఆ ఊళ్ళ చర్చి గురువు కోపగించి, పెదవులు మూసి మళ్ళీ చెక్కమని ఆజ్ఞాపించాడు. ఆ మధ్యాహ్నం భోజనం చేసి కుర్చీలో కునుకు తీస్తుండగా ఆయనకు కలలో ఆ తల్లి కనిపించి, "నా నోరు మూస్తే వీళ్ళ క్షేమం నువ్వు అడుగుతావా? రోజూ కొండెక్కుతావా?" అన్నదట. ఆయన భారీ మనిషి. విగ్రహాన్ని ఉన్నదున్నట్లు ఉంచమని లేచిన వెంటనే కబురు పంపాడు. అప్పటి నుంచి ఆమె అడిగే అమ్మ అయింది.

నేటికీ జూలై మొదటి శనివారం ఈ దారిన పరుగు జరుగుతుంది. ఇందులో గెలుపు లేదు, పతకం లేదు. పెన్యసోలలో బయలుదేరినవారు అమ్మకు దండం పెట్టుకొని, వెనుదిరగకుండా కాంతరేలకు దిగాలి. ఒంటరిగా ఉండేవారు ఆ రోజు తలుపు తీసి కూర్చుంటారు. పరుగెత్తి వచ్చినవారు గడప బయట నిలబడి, "మీవాళ్ళెవరు?" అని అడగాలి. ఇంటివారు తమవారి పేర్లు వరుసగా చెబుతారు. చివరి పేరు వినేదాకా నీళ్ళు ముట్టకూడదు. ఎంత దాహమైనా ఈ నియమం సడలదు. "గుటకలు మింగకు నాయనా, ఇంకా మా మూడో మేనత్త దగ్గరకే రాలేదు" అని ముసలివాళ్ళు ఆటపట్టించడం కూడా ఆచారంలో భాగమే. ఇలా చెప్పుకున్నవారికి ఆ ఏడాది నిద్ర బాగా పడుతుందని, ఓపికగా విన్నవారు ఎక్కడున్నా అడిగే మనిషి లేకుండా పోరని నమ్మకం.

కిందటి ఏడు ఎవ్లాలియా అనే తొంభై రెండేళ్ళ అవ్వ తన భర్త పేరు, ఇద్దరు కొడుకుల పేర్లు, అక్కల పేర్లు చెప్పి, చివర ఒక పరాయి దేశపు పేరు కష్టంగా కూడబలుక్కుని చెప్పింది. ఎదురుగా నిలబడిన అమ్మాయి చెమట తుడుచుకుంటూ, "అతను మీకేమవుతాడు అవ్వా?" అని అడిగింది.

"అంతకుముందు ఏడు వచ్చి అడిగినవాడు" అని అవ్వ గ్లాసు అందించింది. "తాగు. తరువాత నీ పేరు చెప్పు."